ఆరో వంతు తగ్గిన రోజు

నా చెవి గొప్పతనం గురించి నేను మొదలుపెడితే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మీరు ఎక్కడికీ వెళ్ళరన్న ధైర్యంతో చెప్తున్నాను. పాత టేపు ఒక్క నిమిషం వింటే చాలు, అది ఎలాంటి మెషీన్ మీద రికార్డయిందో, ఆ మెషీన్‌కి నూనె వేసి ఎన్నాళ్ళయిందో చెప్పేసేవాణ్ణి. అందులో సగం ఊహే అనుకోండి, కానీ ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి చెవులు పెట్టుకుని నేను ఒక పెద్దావిడని ఎలా ఏడిపించానో ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు, ముఖ్యంగా రెండో ఏడాదికే పనంతా వచ్చేసిందనుకునేవాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి.

బెజవాడ రేడియో స్టేషన్‌లో మూడేళ్ళు పనిచేసి, తర్వాత మిషిగన్ వచ్చి చదువుకుని, పాతికేళ్ళకు పైగా ఒక కార్ల కంపెనీలో కారు రేడియోలు డిజైన్ చేశాను. రెండువేల ఒకటి తర్వాత జనాన్ని వరసపెట్టి తీసేస్తున్న రోజుల్లో నన్నూ తీసేశారు. యాభై దాటినవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఒక యూనివర్సిటీ లైబ్రరీ పిలిచింది. పాత టేపులూ, గ్రామఫోన్ డిస్కులూ పూర్తిగా పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించే విభాగం అది. బేస్‌మెంట్‌లో, కిటికీల్లేని గది. నోవైలో మా ఇంటినుంచి నలభై నిమిషాల డ్రైవ్, మంచు పడితే గంటన్నర. అయినా నేను ఈల వేసుకుంటూ కారెక్కడం మా ఆవిడ మొదటిసారి ఆ ఉద్యోగంలోనే చూసింది.

అక్కడ మేం ముగ్గురం. బాసు అమెరికన్, నాకంటే పదేళ్ళు చిన్నది, రూల్సంటే ప్రాణం. రీడింగ్ రూములో ఎవరి చేతిలోనైనా పెన్ను కనిపిస్తే పాముని చూసినట్టు ఉలిక్కిపడేది. అక్కడ పెన్సిలే వాడాలి. కాఫీ, టీ, ఆఖరికి మంచినీళ్ళు కూడా లోపలికి రాకూడదు. రికార్డింగులు బిల్డింగ్ దాటకూడదు. ఎవరైనా వినాలనుకుంటే వచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, స్టాఫ్ ఎదురుగా కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో వినాలి.

మూడో మనిషి కేటలాగు రాసే అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటింది, ఇద్దరు పిల్లల తల్లి. వరంగల్ నుంచి వచ్చి, ఇక్కడ లైబ్రరీ సైన్స్ చదువుకుంది. నేను ఎక్కించిన ప్రతి ఫైలూ విని, అందులో ఏముందో, ఎన్ని నిమిషాలుందో రాయడం ఆమె పని. నన్ను అన్నా అని పిలిచేది. అలా పిలిపించుకున్నందుకు ఆమెతో నేను ఎంత అన్నగా ఉన్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో, జనవరి నెలలో ఒక పెద్దావిడ చిన్న సూట్‌కేసు పట్టుకుని వచ్చింది. ఎనభై దగ్గర వయసు, ఇంగ్లండ్ మనిషి. పందొమ్మిది వందల యాభైల్లో భర్తతో కలిసి డెట్రాయిట్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. సూట్‌కేసులో తొమ్మిది టేపు రీళ్ళు, వాటి మీద మడతపెట్టిన పాత న్యూస్‌పేపర్ కాగితం ఒకటి. ఆ తొమ్మిది రీళ్ళలో ఉన్నది ఒకే ఒక్క రోజు. పొద్దున్న స్టేషన్ తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా, అప్పటి ఇంగ్లండ్ రేడియోలో వచ్చిందంతా.

ఆమె భర్త వయసులో ఉన్నప్పుడు అక్కడ రేడియో కామెడీల్లో వేషాలు వేసేవాడట. వేషాలంటే పెద్దవేం కావు. తలుపు తీసే బట్లరు, టికెట్లు చింపే కండక్టరు, గొంతు వినిపించి వెళ్ళిపోయే పోలీసు. దాంతో ఇల్లు గడవక, డెట్రాయిట్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికితే ఓడెక్కారు. అప్పుడు కొత్తగా టేప్‌రికార్డర్ కొనుక్కున్న పక్కింటాయన ఒకరు, వీళ్ళకి బహుమతిగా ఒక రోజంతా రేడియో ముందు కూర్చుని రికార్డు చేసి ఇచ్చాడు. ఇల్లు గుర్తొచ్చినప్పుడు పెట్టుకుని వినమన్నాడు. ఏదో ఒక రోజు కాదు, ఆ సాయంత్రం కామెడీలో ఈమె భర్త బట్లరుగా ఉన్న రోజు చూసి మరీ చేశాడు.

వీళ్ళు మాత్రం ఒక్కసారీ వినలేదు. మొదట్లో ఇంట్లో మెషీన్ లేదు. తర్వాత పిల్లలు, ఓవర్‌టైములు, ఇల్లు మారడాలు. రేపు విందాం, వచ్చేవారం విందాం అనుకుంటూనే యాభై ఏళ్ళు. రెండేళ్ళ కిందట ఆయన పోయాడు.

"ఆయనతో నాకొక తగువు ఉంది," అందావిడ. "ఆ రోజు ఆయనకి మూడే మూడు మాటలు. మూడోదానికి హాలు కప్పు ఎగిరిపోయేలా నవ్వారని ఆయన అంటాడు. నేను నర్సుని, అప్పుడు డ్యూటీలో ఉన్నాను, వినలేదు. నువ్వు ఊహించుకున్నావ్, ఎవరూ నవ్వి ఉండరు అని నేను అంటాను. పెళ్ళిరోజుకీ, పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ ఇదే."

మూడో మాట ఏమిటని అడిగాను. యజమాని చిందులు తొక్కుతూ, "ఈ ఇంట్లో బుర్ర ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?" అని అరుస్తాడట. బట్లరు వెంటనే, "చూసొస్తానండి" అనాలి. ఈయన వెంటనే అనలేదు. స్క్రిప్టులో లేకపోయినా నిజంగానే ఆలోచిస్తున్నట్టు కాసేపు ఆగి, అప్పుడన్నాడట. ఆ ఆగడమే తన జీవితంలో చేసిన గొప్ప నటన అని చెప్పుకునేవాడట.

తర్వాత అసలు సంగతి చెప్పింది. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవిలో లావు శబ్దాలు మాత్రం వినిపిస్తాయి, సన్న గొంతులు అందవు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాటలు పట్టుకుంటోంది. మూడు వారాల్లో, ఒక సోమవారం, ఆ ఎడమ చెవికే ఆపరేషన్. లోపల ఒక పరికరం పెడతారు. దాంతో మాటలు మళ్ళీ అర్థమవుతాయి, కానీ ఇప్పుడు మిగిలిన ఆ కాస్త సొంత వినికిడీ చాలావరకు పోతుందని, ఆ తర్వాత మనుషుల గొంతులు వేరేగా, మెషీన్‌లోంచి వచ్చినట్టు ఉంటాయని డాక్టర్ ముందే చెప్పాడు.

"నా భర్తది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు," అంది. "ఈ చెవికి ఇంకా అందుతుంది. ఇది ఇచ్చేసేలోపు ఒక్కసారి ఆయన్ని వినాలి. ఎవరు గెలిచారో కూడా తెలుసుకోవాలి."

మీరు నిశ్చింతగా ఉండండి, అన్నాను. ఇంత ముచ్చటైన పని నాకు ఆ ఉద్యోగంలో అంతకుముందు రాలేదు.

ఇప్పుడు ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఒక్కటే. కరెంటు మీద నడిచే టేప్‌రికార్డర్ ఏదైనా, మనం మాట్లాడింది కాకుండా ఆ కరెంటు రొదని కూడా సన్నగా టేపులోకి ఎక్కిస్తుంది. అమెరికాలో కరెంటు సెకనుకి అరవై సైకిల్స్. కాబట్టి టేపులో ఆ రొద సరిగ్గా అరవై దగ్గర ఉంటే స్పీడు సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే, అరవైకి వచ్చేదాకా స్పీడు మార్చాలి. ఇదంతా చేత్తో చేస్తే పూట పట్టేది. నేను చేరిన రెండో ఏడాది కంప్యూటరే ఆ రొదని పట్టుకుని, దానంతటదే అరవైకి లాగేసేలా ఒక సెట్టింగు రాశాను. బాసు దాన్ని మీటింగుల్లో పొగిడేది. నేనూ చాలా వినయంగా తల దించుకుని, ఇంకో రెండు మాటలు అంటుందేమోనని ఆగేవాణ్ణి.

ఆ తొమ్మిది రీళ్ళూ నా సెట్టింగులోంచి వెళ్ళాయి.

ఎంత ముద్దొచ్చిందో ఆ రోజు! పొద్దున్నే ఫ్యాక్టరీ పనివాళ్ళకి బ్యాండు సంగీతం. తర్వాత ఆడవాళ్ళకి వంటలు, అందులో ఒకావిడ కోడిగుడ్డు లేకుండా కేకు ఎలా చెయ్యాలో చెప్పింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత చిన్నపిల్లలకి కథ. ఆ తర్వాత క్రికెట్ కామెంటరీ. సముద్రంలో ఉన్న ఓడలకి వాతావరణం. సాయంత్రం, హాల్లో జనాన్ని కూర్చోబెట్టి చేసిన కామెడీ. అందులో బట్లరు మూడో మాట మాత్రం పెద్దావిడ కంటే ముందు వినకూడదని నేనూ, కేటలాగు అమ్మాయీ దాటేశాం. అందరూ గడగడా, సన్నగా, ముక్కుతో మాట్లాడేస్తున్నారు. నేను పడీపడీ నవ్వాను. ఇంగ్లండ్ వాళ్ళు పాతకాలంలో ఇలా మాట్లాడేవాళ్ళన్నమాట అనుకున్నాను.

క్రికెట్ కామెంటరీ గుర్రప్పందెంలా పరిగెడుతోంది. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి, హోటలు ముందు నిలబడి రోజులకి రోజులు కామెంటరీ విన్నవాణ్ణి నేను. అయినా నాకు అనుమానం రాలేదు. ఇప్పటికీ అదే నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉంటుంది.

అనుమానం వచ్చింది కేటలాగు రాసే అమ్మాయికి. సూట్‌కేసులో ఉన్న పేపర్ కాగితం ఆ రోజు రేడియో ప్రోగ్రాముల పట్టిక. దాన్ని పక్కన పెట్టుకుని ఫైళ్ళ నిడివి రాస్తూ నా గదికి వచ్చింది.

"అన్నా, ఈ లెక్క కలుస్తలేదు. పేపర్ల అరగంట అని ఉన్నది. మన ఫైల్ల ఇరవై ఐదు నిమిషాలే వస్తున్నది."

"పక్కింటాయన బటన్ నొక్కడం లేటయి ఉంటుందిలే."

"ఆరంభం ఉన్నదన్నా, చివర చప్పట్లు గూడ ఉన్నయి. మధ్యల కట్ అయినట్టు గూడ లేదు. అసలు వీళ్ళు గింత స్పీడుగ మాట్లాడుతరా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "బ్రిటిష్ వాళ్ళు అంతేనమ్మా. నువ్వు కేటలాగు చూసుకో, సౌండ్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాను. ఆమె కాగితం మడిచి తీసుకెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు తర్వాత క్షమాపణ చెప్పాను గానీ, అన్న మాట అన్నట్టే ఉంటుంది కదా.

ఆపరేషన్ సోమవారం. అంతకుముందు గురువారం పెద్దావిడ వచ్చింది. మంచి కోటు వేసుకుంది, జుట్టు సెట్ చేయించుకుని వచ్చింది. రిజిస్టర్‌లో పెన్సిల్‌తో సంతకం పెట్టింది. నేనే హెడ్‌ఫోన్స్ తగిలించి, ఆమె చెవికి అందేలా వాల్యూమ్ పెంచి, సాయంత్రం కామెడీ పెట్టాను. అరగంట అనుకున్నది ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయింది. నేను గాజు అద్దం అవతల నా మెషీన్ల మధ్య ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఆమె లేచి, చేతి గ్లవ్స్ తొడుక్కుంటోంది.

"చాలా బాగుంది," అంది. "మీరు నా కోసం చాలా శ్రమపడ్డారు. థాంక్యూ."

నేను చాలా సంతోషపడ్డాను. కారు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దిగబెట్టాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో గొప్పగా చెప్పాను.

"గెలిచింది ఎవరో చెప్పిందా?" అని అడిగింది మా ఆవిడ.

"ఎవరు గెలవడం?"

"నవ్వారా, నవ్వలేదా అని యాభై ఏళ్ళు పోట్లాడుకున్నారన్నారుగా. అది తేలితే ఆ మాట చెప్పకుండా ఎలా వెళ్తుందండీ?"

"బాగుందని చెప్పింది కదా."

"మీరు గడ్డం పెంచినప్పుడు నేనూ బాగుందనే అన్నాను."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు శుక్రవారం మంచు తుపాను, యూనివర్సిటీకి సెలవిచ్చారు. మా ఆవిడ పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బుతోంది. ఇండియా నుంచి మోసుకొచ్చిన గ్రైండర్, దానికో ట్రాన్స్‌ఫార్మరు. అది ఇల్లు ఎగిరిపోయేలా మోగుతుండగా ఫోను మోగింది. అవతల కేటలాగు అమ్మాయి.

"అన్నా, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు."

"చెప్పమ్మా."

"నిన్న ఆమె పూర్తిగ విన్లేదన్నా. నేను ఎదురుంగ కూసున్న కదా, చూసిన. వాళ్ళాయన వచ్చే టైముకు హెడ్‌ఫోన్స్ గట్టిగ ఒత్తి పట్టుకున్నది. మళ్ళ తీసి, తుడిచి, పెట్టుకున్నది. ఆఖరుకు తీసి ఒళ్ళ పెట్టుకుని ఊకె కూసున్నది. మీరు బయటికి వచ్చేదాంక అట్లనే ఉన్నది."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకోటన్నా. నేను రాత్రి అన్ని ఫైళ్ళు లెక్క చేసిన. అరగంటది ఇరవై ఐదు. గంటది యాభై. పావుగంటది పన్నెండున్నర. ఒక్కటి రెండు కాదు, అన్నీ. ప్రతిదాంట్ల ఆరో వంతు తగ్గుతున్నది. బటన్ లేట్ నొక్కితే అన్నిట్ల ఒక్కతీరుగ తగ్గదు కదా?"

గ్రైండర్ చప్పుడుకి నాకు సగం వినిపించలేదు. "కాసేపు ఆపవే దాన్ని, ఎందుకంత స్పీడు!" అని అరిచాను.

మా ఆవిడ ఆపి, నా వంక వింతగా చూసింది. "ఇక్కడ ఇది ఇంతే తిరుగుతుందని మీరేగా చెప్పారు. ఇండియాలో కరెంటు యాభై, ఇక్కడ అరవై, అందుకే మోటారు స్పీడుగా తిరుగుతుందని కొన్న రోజే క్లాసు పీకారు."

ఫోను చేత్తో పట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

ఇంగ్లండ్‌లో కూడా కరెంటు యాభయ్యే. ఆ టేపుల్లో రొద యాభై దగ్గర ఉంది, ఉండాల్సిన చోటే ఉంది. వాటి స్పీడు మొదటినుంచీ సరిగ్గానే ఉంది. నా గొప్ప సెట్టింగు దాన్ని పట్టుకుని అరవైకి లాగింది. అప్పటిదాకా మాకొచ్చినవన్నీ అమెరికా టేపులే కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. యాభై సైకిల్స్ దేశంలో పుట్టి, యాభై సైకిల్స్ రేడియో స్టేషన్‌లో పని నేర్చుకుని, యాభై సైకిల్స్ గ్రైండర్ ఇంట్లో పెట్టుకున్నవాణ్ణి. ఒక పరాయి దేశం రోజుని అమెరికా కరెంటు మీద నడిపి, అది అలాగే ఉంటుందని నవ్వుకున్నాను. బావిలోంచి వచ్చినట్టుండే గొంతు సన్నబడిపోయి, సన్న గొంతులు అందని ఆ చెవికి అందకుండా పోయింది.

పిల్లలూ, మీరు రాసుకున్న పద్ధతి బాగా పనిచేస్తున్న కొద్దీ దాని మీద ఒక కన్నేసి ఉంచండి. పనిచెయ్యనిది ఎలాగూ తెలిసిపోతుంది.

శనివారం రోడ్లు కాస్త తెరుచుకోగానే నేనూ, కేటలాగు అమ్మాయీ బేస్‌మెంట్‌కి వెళ్ళాం. సరిచెయ్యడం ఒక అంకె మార్చడమే, నిమిషం పని. ఆ రోజు ప్రోగ్రాముల మధ్య గంటగంటకీ టైము చెప్పడానికి ఆరు బీప్‌లు వస్తాయి, సెకనుకొకటి. ఆమె వాచీ పట్టుకుంది. పాత ఫైల్లో ఆరో బీప్ సెకన్ల ముల్లు కంటే ముందే వచ్చేసింది. కొత్త ఫైల్లో రెండూ సరిగ్గా కలిశాయి.

"కలిసిందన్నా," అంది. అప్పుడే ఆమెకి క్షమాపణ చెప్పాను. "మీరు గిట్ల సారీ చెప్తే నాకు భయమైతది," అని నవ్వేసింది.

ఆ తర్వాత కామెడీ పెట్టాం. మనుషులందరూ ఒక్కసారిగా కుదురుగా కూర్చున్నట్టనిపించింది. లావుగా, నెమ్మదిగా, మర్యాదగా బట్లరు గొంతు వచ్చింది. అంత చక్కటి గొంతుని నేను రెండు వారాలు కీచుమనిపించాను. మూడో మాట దాకా వినకుండా ఈసారీ ఆపేశాను. అది పెద్దావిడ కంటే ముందు మేం వినడం సరికాదనిపించింది.

బాసుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"ఇంకెన్ని ఇంగ్లండ్ టేపులు ఆ సెట్టింగులోంచి పోయాయి?" అంది బాసు.

"ఇవే మొదటివి."

"ఆమెని రేపు పిలవగలవా?"

"ఫోన్‌లో ఆమెకి వినపడదు. మెయిల్ వాడదు. ఈ మంచులో తనే డ్రైవ్ చేసుకుని రాలేదు. నేను లాప్‌టాప్‌లో వేసుకుని వాళ్ళింటికి వెళ్తాను, నువ్వు ఒప్పుకుంటే."

"రికార్డింగ్ బిల్డింగ్ దాటకూడదు, నీకు తెలుసు."

"తెలుసు. సోమవారం పొద్దున్నే ఆ చెవి పోతుంది, అది నీకు తెలుసు."

నా ఉద్యోగం పోయినా సరే వెళ్ళాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఆ ధైర్యం గురించి మా ఆవిడకి మాత్రం చెప్పలేదు.

"రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి బిల్డింగ్ ముందు ఉండండి ఇద్దరూ," అంది బాసు. "నాది ఫోర్ వీల్ డ్రైవ్. రీడింగ్ రూములో రూల్స్ అమలయ్యేలా చూడాల్సింది నేను. నేను ఎక్కడ కూర్చుంటే అదే రీడింగ్ రూము అనుకుందాం."

ఆదివారం గంటంబావు డ్రైవ్. బాసు స్టీరింగు రెండు చేతుల్తో పట్టుకుని రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. వెనక సీట్లో రిజిస్టరు, పెన్సిళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కేటలాగు అమ్మాయి కూర్చుంది. నేను ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను, అంత పొడుగు సంగతి పెదవులు చూసి పట్టుకోవడం ఆమెకి కష్టమని. తలుపు తీయగానే అదే చేతికిచ్చాను. గురువారం మీరు విన్నది మీ భర్త గొంతు కాదు, తప్పు నాది, నేను స్పీడు తప్పు పెట్టాను, ఈసారి సరిచేసి తెచ్చాను, దయచేసి ఇంకొక్కసారి వినండి అని.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది.

"నా చెవి అప్పుడే పోయిందనుకున్నాను," అంది. "ఇన్నాళ్ళు ఆగి ఆలస్యం చేశాను, ఆయన ఇంక నాకు అందడు అనుకున్నాను. మూడు రోజుల్నుంచీ ఏడుస్తున్నాను."

నేను తల దించుకున్నాను. ఈసారి వినయం నటించే అవసరం లేకపోయింది. ఆమె మీద నాకెంత జాలేసిందో, నా మీద నాకంత రోత పుట్టింది. తిడితే బాగుండుననిపించింది. తిట్టకుండా, "చలిలో నిలబడ్డారేంటి, రండి, టీ పెడతాను," అంది.

"ముందు సంతకం," అంది బాసు, డైనింగ్ టేబుల్ మీద రిజిస్టరు పరుస్తూ. ఆవిడ తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్ను తీసింది. బాసు మొహం చూసి, కేటలాగు అమ్మాయి గబుక్కున పెన్సిల్ అందించింది. టీ కూడా విన్న తర్వాతేనని బాసు తేల్చి చెప్పింది. తన సొంత ఇంట్లో తను టీ పెట్టుకోకూడదా అని ఆవిడ ఆశ్చర్యపోయి, "మా ఆసుపత్రిలో నర్సుల మీద పెద్ద, మేట్రన్, ఆవిడా ఇలాగే ఉండేది," అని బుద్ధిగా కూర్చుంది.

నేను హెడ్‌ఫోన్స్ తగిలించాను. మాకూ వినపడేలా చిన్న స్పీకర్ కూడా పెట్టాను. ప్రోగ్రాం మొదలైంది. మొదటి పది నిమిషాలు ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. బట్లరు మొదటి మాట అన్నాడు, ఎవరో వచ్చారని. ఆవిడ చెయ్యి టక్కున టేబుల్ అంచుని పట్టుకుంది. రెండో మాట అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది, బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బాసు అటు తిరిగి కిటికీలోంచి మంచు చూడ్డం మొదలుపెట్టింది.

యజమాని చిందులు తొక్కుతూ వచ్చాడు. ఈ ఇంట్లో బుర్ర ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అరిచాడు.

నిశ్శబ్దం. నిజంగానే ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే, ఫైలు ఆగిపోయిందేమోనని నేను లాప్‌టాప్ వైపు వంగాను.

"చూసొస్తానండి," అన్నాడు బట్లరు.

హాల్లో నవ్వారు. నలుగురు. మహా అయితే ఐదుగురు. అందులో ఒకరిది దగ్గు కూడా అయి ఉండొచ్చు.

ఆవిడ కళ్ళు తెరిచింది. మా ముగ్గురి మొహాల్లోకీ చూసింది. "ఇంతేనా?" అంది. "ఇంతేనా! కప్పు ఎగిరిపోయిందన్నాడు! ఈ నలుగురి కోసం నన్ను యాభై ఏళ్ళు కాల్చుకు తిన్నాడు!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక టేబుల్ మీద తల ఆనించేసింది. కేటలాగు అమ్మాయి నవ్వుతూ ఏడుస్తూ ఆవిడ వీపు నిమురుతోంది. బాసు కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"మళ్ళీ పెట్టు," అందావిడ.

పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టలేదు. ఒకసారి ఆయనతో పాటు పెదవులు కదిపింది. ఒకసారి ఆ ఆగిన చోట వేలెత్తి మమ్మల్ని కదలొద్దంది. ఆఖరుసారి, ఆయన మాట అయీ అవకముందే ఆవిడ పకపకా నవ్వింది. హాల్లో నలుగురి నవ్వూ ఆ నవ్వు కిందే కలిసిపోయింది.

తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, వాటి వైరు పద్ధతిగా చుట్టి నా చేతిలో పెట్టింది. ఎడమ చెవిని అరచేత్తో ఒకసారి మూసి తీసింది.

"ఇంక ఇది డాక్టర్‌కి ఇచ్చేస్తాను," అంది.